190 గోల్స్ కొట్టిన కెప్టెన్, ఆడడానికి లీగ్ లేని దేశం

అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది ఎవరని అడిగితే మనలో చాలామంది ఠక్కున రొనాల్డో పేరు చెబుతారు. మగవాళ్ల ఫుట్‌బాల్ వరకైతే అది నిజమే. ఆడా మగా కలిపి చూస్తే ఆ స్థానం కెనడా మహిళల జట్టుకు ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఉన్న క్రిస్టీన్ సింక్లెయిర్‌ది. 2000 నుంచి 2023 దాకా దేశం తరఫున 331 మ్యాచ్‌లు ఆడి 190 గోల్స్ కొట్టింది. మన సునీల్ ఛెత్రి గోల్స్ 95. సరిగ్గా దానికి రెట్టింపు. 2022 జనవరిలో జరిగిన ఫిఫా అవార్డుల కార్యక్రమంలో ఈ రికార్డులకుగాను రొనాల్డోకూ ఆమెకూ ప్రత్యేక పురస్కారాలు ఇచ్చారు.

అదే సింక్లెయిర్ తన మొత్తం కెరీర్‌లో ఒక్క కెనడా క్లబ్ తరఫునా ప్రొఫెషనల్ లీగ్ మ్యాచ్ ఆడలేదు. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన ఏడాదిన్నరకు ఆమె జట్టు సమ్మె ప్రకటించింది. ఆ మరుసటి నెలలో ఆమె పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని తమ ఫుట్‌బాల్ సమాఖ్య మీద సాక్ష్యం చెప్పింది. ఇంత గెలిచిన జట్టుకు ఆ అవసరం ఎందుకు వచ్చింది? గోల్స్ పట్టిక ఎంత సేపు చూసినా దీనికి జవాబు దొరకదు. ఆ గోల్స్ వల్ల వచ్చిన డబ్బు ఎటు పోయిందో కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

బర్నబీ నుంచి పోర్ట్‌లాండ్‌కు

సింక్లెయిర్ 1983 జూన్ 12న వాంకూవర్‌ను ఆనుకుని ఉన్న బర్నబీలో పుట్టింది. మేనమామలు బ్రయన్, బ్రూస్ గాంట్ ఇద్దరూ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడినవాళ్లే. నార్వేకు 1995 మహిళల ప్రపంచకప్ గెలిపించిన కోచ్ ఈవెన్ పెల్లెరూడ్ ఆ తర్వాత కెనడా పగ్గాలు పట్టాడు. పదహారేళ్ల ఈ స్కూలు పిల్లను 2000 మార్చిలో పోర్చుగల్‌లో జరిగిన అల్గార్వ్ కప్‌కు నేరుగా తీసుకెళ్లింది ఆయనే. చైనాతో తొలి మ్యాచ్ ఆడింది. నార్వే మీద తొలి గోల్ కొట్టింది.

2002లో కెనడాలోనే అండర్-19 మహిళల ప్రపంచ టోర్నీ జరిగింది. ఆ వయసు అమ్మాయిలకు ఫిఫా పెట్టిన మొదటి టోర్నీ అదే. సింక్లెయిర్ 10 గోల్స్‌తో అగ్రస్థానంలో నిలిచింది, ఉత్తమ క్రీడాకారిణి కూడా అయింది. ఫైనల్లో అమెరికా చేతిలో అదనపు సమయంలో పడ్డ గోల్‌తో కెనడా ఓడింది. ఎడ్మంటన్‌లో ఆ ఫైనల్ చూడ్డానికి 47 వేలకు పైగా జనం వచ్చారు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. ఆడవాళ్ల ఫుట్‌బాల్‌కు జనం రారు, అందుకే లీగ్ పెట్టలేం అనే మాట కెనడాలో ఆ తర్వాత కూడా ఇరవై ఏళ్లు నడిచింది. అది తప్పని 2002లోనే, ఇంకా కాలేజీ వయసు పిల్లలు ఆడిన మ్యాచ్‌లోనే తేలిపోయింది.

చదువూ ఆటా రెండూ సాగాలంటే అమెరికా వెళ్లడమే దారి. పోర్ట్‌లాండ్ యూనివర్సిటీలో చేరి 2002లో, 2005లో అక్కడి జాతీయ టైటిల్స్ గెలిపించింది. 2005 సీజన్‌లో ఒక్కతే 39 గోల్స్ కొట్టింది. కాలేజీ స్థాయిలో అత్యున్నతమైన హెర్మన్ ట్రోఫీ వరుసగా రెండేళ్లు ఆమెకే దక్కింది.

కాలేజీ నుంచి బయటికొచ్చేసరికి ఆడడానికి చోటు లేదు. అమెరికాలో తొలి మహిళల ప్రొఫెషనల్ లీగ్ 2003లోనే మూతపడింది. రెండోది 2009లో మొదలైంది. ఈ మధ్య కాలంలో వాంకూవర్ వైట్‌క్యాప్స్ మహిళల జట్టుకు ఆడింది గానీ అది సగం అమెచ్యూర్ లీగ్. రెండో లీగ్‌లో 2010లో ఎఫ్‌సీ గోల్డ్ ప్రైడ్‌తో టైటిల్ గెలిచింది. గెలిచిన కొన్ని వారాలకే ఆ క్లబ్ మూసేశారు. 2011లో వెస్టర్న్ న్యూయార్క్ ఫ్లాష్‌తో మళ్లీ టైటిల్ గెలిచింది. 2012లో ఏకంగా ఆ లీగే పోయింది. ఛాంపియన్‌గా నిలిచిన ప్రతిసారీ కాళ్ల కింద నేల కదిలిపోవడం ఎలా ఉంటుందో మగ స్ట్రైకర్లకు తెలియదు.

2013లో మూడో లీగ్, ఇప్పటి నేషనల్ విమెన్స్ సాకర్ లీగ్ (ఎన్‌డబ్ల్యూఎస్ఎల్), మొదలైంది. పోర్ట్‌లాండ్ థార్న్స్‌లో చేరి 2024లో క్లబ్ ఆటకు వీడ్కోలు పలికేదాకా అక్కడే ఉంది. 2013, 2017, 2022 టైటిల్స్ గెలిచింది. తొలి సీజన్‌లోనే థార్న్స్ మ్యాచ్‌లకు సగటున 13 వేలకు పైగా జనం వచ్చారు.

జీతం ఇచ్చేది ఎవరు?

మగవాళ్ల ఫుట్‌బాల్‌లో ఆటగాడికి అన్నం పెట్టేది క్లబ్. దేశం జట్టుకు ఆడడం గౌరవం, దాని మీద వచ్చేది అదనపు ఆదాయం. సమాఖ్యతో గొడవపడ్డా నెల జీతానికి ఢోకా ఉండదు.

ఆడవాళ్ల విషయంలో ఇది తలకిందులు. క్లబ్బులు నిలబడతాయన్న నమ్మకం లేనప్పుడు సమాఖ్యే అసలు యజమాని అవుతుంది. ఎన్‌డబ్ల్యూఎస్ఎల్ మొదలైనప్పుడు లీగ్ బతకాలని అమెరికా, కెనడా, మెక్సికో సమాఖ్యలు తమ తమ జాతీయ జట్ల క్రీడాకారిణుల జీతాలు తామే భరించాయి. అంటే సింక్లెయిర్ పోర్ట్‌లాండ్‌లో క్లబ్‌కు ఆడుతున్నప్పుడు కూడా ఆమె జీవనాధారం ఒటావాలోని తమ సమాఖ్య, కెనడా సాకర్, ఆఫీసుతో ముడిపడి ఉంది. పైగా ఆ డబ్బుతో నిలబడ్డది పక్క దేశపు లీగ్. స్వదేశంలో పదిహేనేళ్ల అమ్మాయి టికెట్ కొనుక్కుని వెళ్లి చూసే లీగ్ మ్యాచ్ లేదు.

అందుకే మహిళల జట్టు కెప్టెన్ పని మైదానంతో ఆగదు. జట్టు తరఫున సమాఖ్యతో మాట్లాడాల్సింది, ఒప్పందాల కోసం కూర్చోవాల్సింది, అవసరమైతే ఆడం అని చెప్పాల్సింది కూడా ఆమే. 2011 ప్రపంచకప్‌కు కొన్ని నెలల ముందు కోచ్ కరొలీనా మొరాచే ఒప్పందం విషయంలో కెనడా జట్టు ఆటను బహిష్కరిస్తామని ప్రకటించి, తర్వాత వెనక్కి తగ్గింది. 2023 సమ్మెకు బీజాలు అక్కడే ఉన్నాయి.

ఆ ప్రపంచకప్‌లో కెనడా అట్టడుగున, 16వ స్థానంలో నిలిచింది. జర్మనీతో తొలి మ్యాచ్‌లో సింక్లెయిర్ ముక్కు విరిగింది. అయినా మైదానం వీడకుండా ఫ్రీకిక్‌తో గోల్ కొట్టింది. ఆ టోర్నీలో కెనడా కొట్టిన గోల్ అదొక్కటే.

ఓల్డ్ ట్రాఫర్డ్, 2012 ఆగస్టు 6

ఏడాది తిరిగేసరికి కొత్త కోచ్ జాన్ హెర్డ్‌మన్ అదే జట్టును లండన్ ఒలింపిక్స్ సెమీఫైనల్‌కు తెచ్చాడు. ఎదురుగా అమెరికా. కెనడా వాళ్లు ఈ మ్యాచ్‌ను ఇప్పటికీ మర్చిపోలేదు. ఎందుకో తెలియాలంటే కాస్త వివరంగా చూడాలి.

సింక్లెయిర్ మూడుసార్లు జట్టును ఆధిక్యంలో నిలిపింది: 22, 67, 73 నిమిషాల్లో. మొదటి రెండుసార్లూ మెగన్ రపీనో స్కోరు సమం చేసింది. 3-2తో కెనడా ముందున్నప్పుడు, ఇంకా పది పన్నెండు నిమిషాల ఆట మిగిలి ఉండగా, నార్వే రెఫరీ క్రిస్టినా పెడర్సన్ విజిల్ ఊదింది. కెనడా గోల్‌కీపర్ ఎరిన్ మెక్‌లౌడ్ బంతిని ఆరు సెకన్లకు మించి చేతిలో ఉంచుకుందని అమెరికాకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ ఇచ్చింది. నిబంధన పుస్తకంలో ఉంది, నిజమే. కానీ పెద్ద మ్యాచ్‌లలో దాన్ని అమలు చేసిన రెఫరీలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మెక్‌లౌడ్ బంతి పట్టుకున్నప్పుడల్లా తాను రెఫరీకి వినపడేలా సెకన్లు గట్టిగా లెక్కపెట్టానని అమెరికా స్ట్రైకర్ ఆబీ వామ్‌బాక్ తర్వాత స్వయంగా చెప్పింది. ఆ ఫ్రీకిక్ నుంచి వచ్చిన బంతి కెనడా డిఫెండర్ చేతికి తగిలింది. పెనాల్టీ. వామ్‌బాక్ గోల్ కొట్టింది. 3-3. అదనపు సమయం కూడా దాటి 123వ నిమిషంలో అలెక్స్ మోర్గన్ తలతో కొట్టిన గోల్‌తో అమెరికా 4-3తో గెలిచింది.

మ్యాచ్ తర్వాత రెఫరీల పట్ల క్రీడాస్ఫూర్తికి విరుద్ధంగా ప్రవర్తించిందని సింక్లెయిర్‌పై ఫిఫా నాలుగు మ్యాచ్‌ల నిషేధం, జరిమానా వేసింది. ఆ ఆరు సెకన్ల నిబంధన చివరికి 2025లో మారింది: ఇప్పుడు ఎనిమిది సెకన్లు, దాటితే కార్నర్ కిక్. పాత శిక్ష ఎవరూ అమలు చేయలేనంత కఠినంగా ఉందని నిబంధనలు రాసేవాళ్లే ఒప్పుకున్నట్టు లెక్క.

ఆ తర్వాత ఫ్రాన్స్‌ను 1-0తో ఓడించి కెనడా కాంస్యం గెలిచింది. చివరి క్షణాల్లో గోల్ కొట్టింది డయానా మాథెసన్. ఈ పేరు మళ్లీ వస్తుంది. ఆరు గోల్స్‌తో టోర్నీలో అగ్రస్థానం సింక్లెయిర్‌దే. ముగింపు వేడుకలో కెనడా జెండా మోసింది కూడా ఆమే.

190 ఎవరి మీద?

ఈ రికార్డు మీద తరచూ వినపడే విమర్శ ఒకటుంది. బలహీనమైన జట్లమీద కొట్టిన గోల్స్ చాలా ఉన్నాయని. దీన్ని దాటవేయడం సబబు కాదు. 2020 జనవరి 29న వామ్‌బాక్ పేరిట ఉన్న 184 గోల్స్ రికార్డును ఆమె దాటింది అమెరికా మీదో జర్మనీ మీదో కాదు. ప్రత్యర్థి కరీబియన్ దీవుల చిన్న దేశం సెయింట్ కిట్స్ అండ్ నెవిస్, వేదిక టెక్సస్, స్కోరు 11-0. ఉత్తర అమెరికా అర్హత మ్యాచ్‌లు అలాగే ఉంటాయి.

అయితే ఈ కొలబద్దను మగవాళ్ల రికార్డుకూ వాడాలి. రొనాల్డో గోల్స్‌లో లక్సెంబర్గ్ మీద కొట్టినవే పది దాటాయి. ఆ మాటకొస్తే బలహీన జట్లతో మ్యాచ్‌లు ఆడే అవకాశం ఆమె తరంలోని అమెరికా స్ట్రైకర్లందరికీ ఉంది. ఎవరూ ఆమెను అందుకోలేదు. ఐదు ప్రపంచకప్‌లలో గోల్ కొట్టినవాళ్లలో బ్రెజిల్ మార్తా తర్వాత రెండో పేరు ఆమెదే. అమెరికా మీద ఒలింపిక్ సెమీఫైనల్లో హ్యాట్రిక్ సంగతి పైన చూశాం.

నాకు ఇంతకంటే ఆసక్తిగా అనిపించేది వేరే ఉంది. లండన్‌లో ఆరు గోల్స్ కొట్టినప్పుడు వచ్చింది కాంస్యం. 2016 రియోలోనూ కాంస్యమే. స్వర్ణం వచ్చింది టోక్యోలో, 2021లో. అక్కడ సింక్లెయిర్ కొట్టింది ఒక్క గోల్, జపాన్ మీద, తన 300వ మ్యాచ్‌లో. బ్రెజిల్‌తో క్వార్టర్ ఫైనల్ షూటౌట్‌లో ఆమె కిక్‌ను గోల్‌కీపర్ ఆపేసింది. అమెరికాతో సెమీఫైనల్లో పెనాల్టీ వచ్చినప్పుడు బంతిని జెస్సీ ఫ్లెమింగ్ చేతికిచ్చింది. ఫ్లెమింగ్ గోల్ కొట్టింది. 2001 తర్వాత కెనడా అమెరికాను ఓడించడం అదే మొదటిసారి. స్వీడన్‌తో ఫైనల్లో సింక్లెయిర్‌ను పడగొట్టినందుకు వచ్చిన పెనాల్టీతో స్కోరు సమమైంది. షూటౌట్ సమయానికి ఆమె బెంచి మీద ఉంది. జూలియా గ్రాసో చివరి కిక్ కొట్టింది. తేదీ 2021 ఆగస్టు 6, ఓల్డ్ ట్రాఫర్డ్ మ్యాచ్‌కు సరిగ్గా తొమ్మిదేళ్లు.

కోచ్ బెవ్ ప్రీస్ట్‌మన్ ఆ జట్టును రక్షణ మీద కట్టింది. 38 ఏళ్ల సింక్లెయిర్ ముందు వరుస నుంచి కాస్త వెనక్కి జరిగి బంతి అందించే పాత్రలోకి మారింది. రెండేళ్ల ముందు ప్రపంచకప్‌లో స్వీడన్ మీద ఇలాగే పెనాల్టీ జనీన్ బెకీకి ఇస్తే అది పోయింది, జట్టు ఇంటికొచ్చింది, విమర్శలు వచ్చాయి. అయినా టోక్యోలో మళ్లీ అదే పని చేసింది. ఇంతటి గోల్ స్కోరర్ కీలకమైన కిక్‌ను ఇంకొకరికి అప్పగించడం చిన్న విషయం కాదు. ఆమె కెప్టెన్సీ నాకు అక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

స్వర్ణం విలువ ఎవరి ఖాతాలో పడింది?

ఇక అసలు చిక్కుముడి. 2018 జూన్‌లో, అమెరికా, మెక్సికోలతో కలిసి 2026 పురుషుల ప్రపంచకప్‌ను నిర్వహించే అవకాశం కెనడాకు దక్కింది. ఆతిథ్య దేశానికి సొంత పురుషుల లీగ్ లేకపోవడం వెలితిగా కనిపించింది. 2019లో కెనడియన్ ప్రీమియర్ లీగ్ మొదలైంది. పురుషులకు మాత్రమే. దాన్ని నిలబెట్టడానికి పెట్టుబడిదారులకు ఏదో ఒక భరోసా కావాలి. కెనడియన్ సాకర్ బిజినెస్ అనే సంస్థతో సమాఖ్య చేసుకున్న దీర్ఘకాలిక ఒప్పందం ఆ భరోసా.

ఒప్పందం సారాంశం ఇది. కెనడా జాతీయ జట్ల స్పాన్సర్‌షిప్, ప్రసార హక్కుల ఆదాయం ఆ సంస్థకు వెళ్లేది. బదులుగా సమాఖ్యకు ఏటా ముందే ఖరారైన మొత్తం వచ్చేది. బయటికొచ్చిన వివరాల ప్రకారం అది ఏడాదికి 30 నుంచి 40 లక్షల కెనడా డాలర్లు. గిట్టుబాటు కాని రోజుల్లో స్థిరమైన ఆదాయం సమాఖ్యకు మంచిదే అని సమర్థించేవాళ్లు ఉన్నారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ ఒప్పందం కుదిరేనాటికి మహిళల జట్టు చేతిలో రెండు ఒలింపిక్ పతకాలు ఉన్నాయి. పురుషుల జట్టు 1986 తర్వాత ప్రపంచకప్ ముఖమే చూడలేదు. అంటే అప్పటికి ఎక్కువ పేరున్న సరుకు ఆడవాళ్లది. దాన్ని మూటలో కలిపి అమ్మి, వచ్చినదాంతో మగవాళ్ల లీగ్‌కు పునాది వేశారు. ఆడవాళ్లకు లీగ్ ఊసు లేదు.

ఆ తర్వాత టోక్యో స్వర్ణం వచ్చింది. 36 ఏళ్ల తర్వాత పురుషుల జట్టు 2022 ఖతర్ ప్రపంచకప్‌కు వెళ్లింది. రెండు జట్ల మార్కెట్ విలువా అమాంతం పెరిగింది. సమాఖ్యకు వచ్చే మొత్తం మాత్రం కాగితం మీద రాసుకున్నంతే. మగవాళ్లు కూడా 2022 జూన్‌లో వాంకూవర్‌లో పనామాతో మ్యాచ్ ఆడకుండా నిరసన తెలిపారు. ఇది ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య తగాదా అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి. రెండు జట్లూ సమాఖ్యను ఒకే ప్రశ్న అడిగాయి: లెక్కలు చూపించండి.

సమాఖ్యతో మహిళల జట్టుకున్న ఒప్పందం 2021 చివరికే ముగిసింది. 2023లో, ప్రపంచకప్‌కు కొన్ని నెలల ముందు, బడ్జెట్ కోతలతో శిక్షణ శిబిరంలో క్రీడాకారిణుల సంఖ్యా సిబ్బంది సంఖ్యా తగ్గించారు. ఫిబ్రవరి 10న జట్టు సమ్మె ప్రకటించింది. మరుసటి రోజే సమాఖ్య చట్టపరమైన చర్యలు తీసుకుంటామని హెచ్చరించింది. ఒంటారియో కార్మిక చట్టం ప్రకారం వాళ్లు సమ్మె చేసే దశకు ఇంకా రాలేదన్నది దాని వాదన. జట్టు తిరిగి శిక్షణకు వెళ్లింది. అమెరికాతో మ్యాచ్‌కు ముందు, సమానత్వానికి గుర్తుగా ఎంచుకున్న ఊదా రంగు చొక్కాల మీద ‘ఇక చాలు’ అన్న అర్థం వచ్చే నినాదంతో మైదానంలోకి వచ్చారు. అదే నెలాఖరుకు సమాఖ్య అధ్యక్షుడు నిక్ బాంటిస్ రాజీనామా చేశాడు.

మార్చి 9న సింక్లెయిర్, జట్టు సహచరులు జనీన్ బెకీ, సోఫీ ష్మిట్, క్విన్ పార్లమెంటు కమిటీ ముందుకు వెళ్లారు. 2021లో పురుషుల జట్టు మీద 1 కోటి 10 లక్షల డాలర్లు, స్వర్ణం గెలిచిన మహిళల జట్టు మీద 51 లక్షలు ఖర్చయినట్టు సమాఖ్యే తమకు చెప్పిందని వివరించారు. ఆ ఏడాది పురుషులు ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లు ఎక్కువ ఆడారు కాబట్టి తేడాలో కొంత భాగం దాని వల్ల వచ్చి ఉండొచ్చు. రెండింతలకు పైగా ఉన్న తేడా మొత్తాన్ని దానికి అంటగట్టలేం. తాను జీతాల ప్రస్తావన తెచ్చినప్పుడు అధ్యక్షుడు దాన్ని ఎంత చులకనగా తీసిపారేశాడో కూడా సింక్లెయిర్ ఆ రోజు చెప్పింది. స్వభావరీత్యా మితభాషి, ఇంటర్వ్యూలంటేనే ఇబ్బంది పడే మనిషి అన్ని కెమెరాల ముందు ఆ మాట చెప్పడానికి ఎంత విసిగిపోయి ఉండాలి!

ఆ జూలైలో ప్రపంచకప్ సరిగ్గా సాగలేదు. నైజీరియాతో తొలి మ్యాచ్‌లో సింక్లెయిర్ పెనాల్టీని గోల్‌కీపర్ ఆపింది. ఆస్ట్రేలియా చేతిలో 4-0తో ఓడి కెనడా గ్రూప్ దశలోనే వెనుదిరిగింది. డిసెంబర్ 5న వాంకూవర్‌లో అదే ఆస్ట్రేలియాతో ఆమె చివరి అంతర్జాతీయ మ్యాచ్. బీసీ ప్లేస్ స్టేడియానికి ఆ ఒక్క రాత్రికి ‘క్రిస్టీన్ సింక్లెయిర్ ప్లేస్’ అని పేరు పెట్టారు. 48,112 మంది వచ్చారు.

ఆలస్యంగా వచ్చిన లీగ్

ఇది చదువుతుంటే హైదరాబాద్ మిథాలీ రాజ్ గుర్తుకు రాక మానదు. ఆమె కూడా పదహారేళ్లకే, 1999లో, దేశం తరఫున తొలి మ్యాచ్ ఆడింది. మహిళల వన్డేల్లో అందరికంటే ఎక్కువ పరుగులు చేసింది. 2022 జూన్‌లో రిటైరైంది. మహిళల ప్రీమియర్ లీగ్ 2023 మార్చిలో మొదలైంది. మిథాలీ అందులో గుజరాత్ జెయింట్స్ మెంటర్‌గా డగౌట్‌లో కూర్చుంది గానీ బ్యాట్ పట్టలేదు. ఆటను నిలబెట్టిన తరం ఒకటి, దాని ఫలం తినేది ఇంకో తరం.

కెనడాలో ఆ లీగ్ సమాఖ్య చేతుల మీదుగా రాలేదు. పెట్టింది డయానా మాథెసన్, 2012లో కాంస్యం తెచ్చిన గోల్ కొట్టిన మనిషి. రిటైరయ్యాక పెట్టుబడిదారులను కూడగట్టి, 2022 డిసెంబర్‌లో సింక్లెయిర్‌ను పక్కన పెట్టుకుని ప్రకటించింది. 2025 ఏప్రిల్ 16న వాంకూవర్ రైజ్, కాల్గరీ వైల్డ్ మ్యాచ్‌తో నార్తర్న్ సూపర్ లీగ్ మొదలైంది. తొలి గోల్ క్విన్‌ది, పెనాల్టీ మీద. వాంకూవర్, కాల్గరీ, టొరంటో, ఒటావా, మాంట్రియల్, హాలిఫాక్స్: ఆరు జట్లు. కనీస జీతం ఏడాదికి 50 వేల కెనడా డాలర్లు. వాంకూవర్ రైజ్ యజమానుల్లో సింక్లెయిర్ ఒకరు.

కనీస జీతం అంకెను తేలిగ్గా తీసుకోకూడదు. జాతీయ జట్టులో చోటు దక్కని అమ్మాయి కూడా ఆట మీద బతకగలిగితేనే, జాతీయ జట్టు అమ్మాయి సమాఖ్యతో సమానంగా కూర్చుని మాట్లాడగలుగుతుంది. రెండు దశాబ్దాలు కెనడాలో లేకపోయింది ఈ ఆసరాయే. ఇక ప్రపంచ స్థాయి జీతాలకు ఆరు జట్ల లీగ్ చేరడానికి ఇంకా సమయం పడుతుంది. ఆ లీగ్ మొదలైన 2025లో కూడా, సింక్లెయిర్ తర్వాత కెప్టెన్ పట్టీ అందుకున్న జెస్సీ ఫ్లెమింగ్ ఆడింది అమెరికాలోనే, పోర్ట్‌లాండ్ థార్న్స్‌కే.